ముందు సంపు, తర్వాతే చేప

కరీంనగర్‌లో సంపు అంటే తెలియనివాళ్లుండరు. ఇంటి ముందు గచ్చు కింద ఉంటుంది, నల్లా వచ్చినప్పుడు నింపుకుంటాం, మోటర్ వేస్తే పైన ట్యాంకుకు నీళ్లు ఎక్కుతాయి. అందుకే "అక్వేరియానికి సంపు కట్టాలె" అని నేను అన్నప్పుడు మా అమ్మ నిజంగానే భయపడింది. "ఉన్న సంపు సాలదా, హాల్ల ఇంకోటి తవ్వుతవా?" అంది.

తవ్వేదేం లేదు. చేపలుండే ట్యాంకు కింద, స్టాండు లోపల, ఇంకో చిన్న గాజు ట్యాంకు పెడతాం. పై నీళ్లు పొర్లి పైపులో కిందికి వస్తాయి, అక్కడ శుభ్రమై పంపుతో మళ్లీ పైకి పోతాయి. అంతే. కానీ నా అభిప్రాయం ఏంటంటే, మనలో ఎవరైనా ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలనుకుంటే మొదటి రూపాయి ఈ సంపు మీద పెట్టాలి, చేప మీద కాదు. అంత ఓపిక లేకపోతే ఉప్పునీటి జోలికే పోవద్దు. ఇది నేను రెండు చేపల్ని చంపుకున్నాక అంటున్న మాట.

ఇంటర్ అయిపోయిన ఎండాకాలం అది. చిన్నప్పుడు చూసిన ‘ఫైండింగ్ నీమో’ బుర్రలో నుంచి పోలేదు. 60 లీటర్ల ట్యాంకు, అంచుకు తగిలించే చిన్న ఫిల్టర్, ఒక ప్యాకెట్ సముద్రపు ఉప్పు కొన్నా. నాలుగో రోజే రెండు క్లౌన్ ఫిష్ వేసేశా. ఒకటి ఆరో రోజు, ఇంకోటి తొమ్మిదో రోజు పోయాయి. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. అమ్మోనియా కంటికి కనబడదు కదా.

చేప వ్యర్థాల నుంచి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ చేపకు విషం, మూడోది తక్కువ మోతాదులో పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఈ బ్యాక్టీరియా రాళ్ల మీద, ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను ఇచ్చింది నాలుగు రోజులు. తప్పు షాపుదీ కాదు, చేపదీ కాదు.

రెండోసారి లెక్క ప్రకారం చేశా, అనుకున్నా. పైన 90×45×45 సెంటీమీటర్ల ట్యాంకు. కింద 60×30×30 సంపు, లోపల గాజు పలకలతో మూడు అరలు. మొదటి అరలో చెత్త పట్టే గుడ్డ సంచి, నురగతో మురికిని లాగేసే స్కిమ్మర్. రెండో దాంట్లో బ్యాక్టీరియా కోసం రంధ్రాల రాళ్లు. మూడో దాంట్లో పంపు. చేపలు ఇంకా వెయ్యలేదు, అది నా అదృష్టం.

ఒక రాత్రి కరెంటు పోయింది. పొద్దున లేచి చూస్తే హాలంతా ఉప్పునీళ్లు. ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కు జానెడు దూరంలో ఆగాయి. పైకి నీళ్లు తెచ్చే పైపు మూతి నీటి మట్టానికి 8 సెంటీమీటర్ల లోపల ఉంది. పంపు ఆగగానే అదే పైపు సైఫన్ అయి నీళ్లను వెనక్కి లాగింది. మా ట్యాంకులో ఒక్క సెంటీమీటర్ అంటే 4 లీటర్లు, ఎనిమిదికి 32 లీటర్లు. సంపులో ఖాళీ ఉన్నది 14 లీటర్లకే. మిగతా 18 అమ్మ తుడిచింది.

ఆ వారమే మా తాత దవాఖాన పని మీద ఊరి నుంచి వచ్చాడు. ట్యాంకు ముందు కుర్చీ వేసుకుని చాలాసేపు చూశాడు. "ఇది మత్తడే కదరా" అన్నాడు. "పై చెరువు మత్తడి దుంకితె కింది చెరువుకు నీళ్లు. మరి నీ కింది చెరువుకు మత్తడేది? జాగన్న ఉంచాలె, లేకుంటె కట్ట తెగుతది."

నేను వీర్, ఓవర్‌ఫ్లో అని ఇంగ్లిష్‌లో వీడియోలు చూసి నెల రోజులు నేర్చుకున్నది తాత ఒక్క మాటలో చెప్పేశాడు. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పేపర్లో చదివా కూడా. కానీ మత్తడి అనే మాట నాకు ఒక పనికొచ్చే మాటగా ఎప్పుడూ తోచలేదు. పంపు నడుస్తున్నప్పటి లెక్కలన్నీ వేశా, ఆగినప్పటి లెక్క వెయ్యలేదు. కోడ్‌లో బఫర్ సైజు చూడకుండా డేటా రాసినట్టే.

ఇప్పుడు పైపు మూతిని 2 సెంటీమీటర్ల లోతుకు తెచ్చా. నీటి మట్టానికి కాస్త కింద ఒక చిన్న రంధ్రం పెట్టా, గాలి దూరగానే సైఫన్ తెగిపోతుంది. పంపు ఆపి నీళ్లన్నీ దిగాక సంపు మీద మార్కర్‌తో గీత గీశా. వైర్లన్నీ ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకెక్కేలా కట్టా. అప్పుడు పైపు మీద నుంచి జారిన చుక్క ప్లగ్గులోకి పోదు.

"సముద్రం మూడు వందల కిలోమీటర్ల పైన ఉంది, మనకెందుకురా ఇది?" అని క్లాసులో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు, దూరం ఉన్నందుకే సంపు కావాలి. మన ఎండలకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం పోదు, అందుకే తగ్గినప్పుడల్లా ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పొయ్యాలి. సంపు ఉంటే పై మట్టం మారదు, తగ్గుదలంతా చివరి అరలోనే కనిపిస్తుంది. మే నెలలో ఫ్యాన్ అక్కడే పెట్టొచ్చు. మా ఆదిలాబాద్ రూమ్మేట్ ఇంట్లో అయితే చలికాలం రాత్రులు పది డిగ్రీల కిందికి పోతాయి, హీటర్ కూడా అక్కడే దాగుతుంది.

సంపు లేకుండా పెంచేవాళ్లు లేరా? ఉన్నారు, చెయ్యి తిరిగినవాళ్లు. కొత్తవాళ్లకు నీళ్లు ఎక్కువుంటే మన తప్పులు కొంచెం పలచబడతాయి.

ఇంకో మాట. పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కిందికి వస్తాయి. సముద్రంలో నుంచి తీసిన పగడపు రాయి ఎవరైనా అమ్మజూపినా కొనొద్దు. క్లౌన్ ఫిష్‌ను మన దేశంలో హ్యాచరీల్లో పుట్టించే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో తయారుచేసింది. అట్లా పుట్టిన చేపనే అడిగి తెచ్చుకోండి. సముద్రంలో పట్టిన దాన్ని తెచ్చి మన హాల్లో చంపడం నాకిప్పుడు మనసొప్పదు.

మా ఇంట్లో రెండు నెలలుగా ట్యాంకులో చేప లేదు. చుట్టాలొచ్చి "ఉత్త నీళ్లు చూస్తున్నరా?" అని నవ్వుతున్నారు. బాపు కూడా నవ్వుతాడు, కానీ కరెంటు పోతే టార్చ్ వేసి ముందు సంపు మీది గీతే చూస్తాడు. రెండు వారాలుగా అమ్మోనియా, నైట్రైట్ టెస్టుల్లో సున్నా వస్తోంది. ఇంకో వారం ఆగుదామని ఉంది.

మీలో ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే హాస్టల్లో నన్ను కలవండి, టేపు తెచ్చుకోండి. కరెంటు పోతే ఎన్ని లీటర్లు కిందికొస్తాయో కూర్చుని లెక్కేద్దాం. చేపలు ఎక్కడ దొరుకుతాయని మాత్రం ఆ తర్వాతే అడగండి.