చిట్టెలుకల టీ, మన చాయ్

టీ తాగితే ఒళ్లు తగ్గుతుందన్న మాట వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా గాలివార్త కాదు. 2017లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, కొవ్వూ చక్కెరా దండిగా ఉన్న మేతలో కెఫీన్ తీసేసిన టీ సారం కలిపి చిట్టెలుకలకు పెట్టారు. నాలుగు వారాలకు వాటి బరువు, కొవ్వు తక్కువగా ఉన్న మేత తిన్న వేరే చిట్టెలుకల బరువు స్థాయికి దిగింది. గ్రీన్ టీతోనే కాదు, అందరూ చిన్నచూపు చూసే బ్లాక్ టీతోనూ అదే ఫలితం. అసలు విశేషం అక్కడే ఉంది. టీకి ఈ గుణాన్నిచ్చే రసాయనాలు పాలీఫినాల్స్. గ్రీన్ టీవి చిన్నవి. రక్తంలో కలిసి కాలేయం దాకా వెళ్తాయి. బ్లాక్ టీవి పెద్దవి కాబట్టి చిన్నపేగు గోడ దాటలేవు. ఒంటపట్టనిదంతా దండగేననుకుంటాం గానీ, అవి పెద్దపేగుకు దిగి అక్కడి బ్యాక్టీరియా పొందికనే మార్చాయి. ఆ బ్యాక్టీరియా తయారుచేసే కొవ్వు ఆమ్లాలు కాలేయం పనితీరును మార్చి ఉంటాయని పరిశోధకుల అంచనా.

పెద్దపేగు గుండా సాగే ఈ దారి నమ్మదగ్గదే. దాన్ని తెచ్చి మన చాయ్ గ్లాసుకు తగిలించడమే తొందరపాటు. ఎలుకలు కూడా చక్కెర తిన్నాయి కదా, మనం వేసుకునే రెండు చెంచాలతో వచ్చిన ముప్పేమిటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ మేతలో కలిపిన సారమూ, డస్ట్ పొడి మరిగించి పాలు పోసిన చాయూ ఒకటి కావు. పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ఆ పాలీఫినాల్స్‌ను పట్టేసుకుంటుంది కూడా. చెంచాకు 5 గ్రాముల లెక్కన మూడు చాయ్‌లకు 30 గ్రాముల చక్కెర. రోజుకు సుమారు 25 గ్రాములకు మించకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది తిండిలో వేరుగా కలిపే చక్కెరంతటికీ కలిపి! ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36 శాతం మంది అధిక బరువుతో ఉన్నారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చాక, ఈ లెక్కను పక్కన పెట్టలేం.

చాయ్ వద్దు, గ్రీన్ టీ మాత్రలు మింగుతామనేవారికి సమాధానం ఇంకా సూటిగా ఉంది. మనుషులపై జరిగిన పరీక్షలను 2012లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష వడపోస్తే, గ్రీన్ టీతో తగ్గిన బరువు లెక్కలోకి రానంత స్వల్పం. అలాంటి మాత్రల ద్వారా రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకుమించి ఈజీసీజీ (గ్రీన్ టీలోని ముఖ్యమైన పాలీఫినాల్) తీసుకుంటే కాలేయం దెబ్బతినే సూచనలు కనిపిస్తాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. మనకు కావలసిన పరీక్ష వేరు. పాలు పోసిన చాయ్ రోజూ తాగేవాళ్లనే తీసుకుని, కొన్నాళ్లు చక్కెరతో, కొన్నాళ్లు చక్కెర లేకుండా ఇచ్చి, బరువుతో పాటు పేగు బ్యాక్టీరియానూ చూడాలి. అలాంటి పరీక్షకు జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాద్ తార్నాకలోనే ఉంది, చాయ్ తాగేవాళ్లకు ఆ ఊళ్లో కొరత లేదు.