తెర మీది రంగు కాగితం మీదకి రాలేదేం?

చెల్లెళ్లూ! ఈ వారం పోపుల డబ్బా కాస్త పక్కన పెట్టి ప్రింటు సంగతి మాట్లాడుకుందాం. "ప్రింట్లతో మాకేం పని?" అనకండి. పిల్లల ప్రాజెక్టులు, వ్రతవిధానాలు, పచ్చళ్ల సీసాలకి లేబుళ్లు... ఈ రోజుల్లో ప్రింటు అవసరం లేని ఇల్లేది చెప్పండి!

మామగారికి షుగరు ఉందనుకోండి. ఏం తినొచ్చో, ఏది తగ్గించాలో, ఏది అసలు వద్దో చెప్పే పట్టిక ఒకటి ఇంటర్నెట్‌లో దొరికింది. తినదగ్గవి ఆకుపచ్చ గడుల్లో, తగ్గించాల్సినవి పసుపు గడుల్లో, వద్దన్నవి ఎర్ర గడుల్లో ఉన్నాయి. ప్రింటు తీసి వంటింటి గోడకి అంటిస్తే ఎంత సుఖం! కొమరోలు నుంచో రాచర్ల నుంచో గిద్దలూరుకి బస్సెక్కి వెళ్లి, జిరాక్సు షాపులో డబ్బులిచ్చి తెచ్చుకుంటారు. ఇంటికొచ్చి చూస్తే పేర్లన్నీ ఉన్నాయి, రంగులు మాత్రం లేవు! కాకరకాయా జిలేబీ ఒకే తెల్లకాగితం మీద పక్కపక్కనే కూర్చున్నాయి. ఇక ఆ పట్టిక గోడకుంటే ఏం, లేకపోతే ఏం?

మిషను పాడవలేదు. షాపతను మోసమూ చెయ్యలేదు. సంగతి వేరే ఉంది.

మన మార్కాపురం పలక మీద బలపంతో రాస్తే అక్షరం ఎందుకు కనిపిస్తుంది? వెనక పలక నల్లగా ఉంది కాబట్టి. కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు మెరిసేదీ అందుకే. ఇంటర్నెట్ పేజీకీ అలాగే వెనక ఓ నేల ఉంటుంది. దాన్నే బ్యాక్‌గ్రౌండ్ అంటారు. 1995లో నెట్‌స్కేప్ 1.1 వచ్చినప్పటి నుంచీ ఆ నేల మీద రంగులూ బొమ్మలూ పరచడం మొదలైంది. తెర మీద ఎంత రంగు పరిచినా ఖర్చు లేదు. కాగితం మీదైతే ప్రతి రంగుకీ ఇంకు పోయాలి. అందుకే ప్రింటు తీసేటప్పుడు అక్షరాలు ఉంచి, వెనకున్న నేలని వదిలేసేలా బ్రౌజర్లని తయారుచేశారు. పొదుపు కోసం పెట్టిన ఏర్పాటు అది.

పేజీలో ఫోటోలు మాత్రం వస్తున్నాయే అంటారా? అవి గోడకి తగిలించిన పటాల్లాంటివి, ప్రింటులోకి వస్తాయి. బ్యాక్‌గ్రౌండ్ గోడకి వేసిన సున్నం లాంటిది. అది కావాలంటే మనం అడగాలి.

ఎలా అడగాలో చూడండి.

కంప్యూటర్లో క్రోమ్ గానీ ఎడ్జ్ గానీ వాడుతుంటే కంట్రోల్, పి మీటలు కలిపి నొక్కండి. ప్రింటు పెట్టె తెరుచుకుంటుంది. అందులో 'మోర్ సెట్టింగ్స్' నొక్కి కిందికి వెళితే 'బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్' అని ఉంటుంది. పక్కనున్న గడిలో టిక్కు పెట్టండి. పక్కన కనిపించే నమూనా పేజీలోకి రంగులు వచ్చేస్తాయి. ఫైర్‌ఫాక్స్‌లో అయితే అదే చోట 'ప్రింట్ బ్యాక్‌గ్రౌండ్స్' అని ఉంటుంది. అంతే!

ఇంట్లో కంప్యూటరుంది, ప్రింటరు లేదా? మరేం ఫర్వాలేదు. టిక్కు పెట్టాక ప్రింటరు పేరుండే చోట 'సేవ్ యాజ్ పీడీఎఫ్' ఎంచుకోండి. రంగులన్నీ ఆ పీడీఎఫ్‌లోకి ఎక్కేస్తాయి. దాన్ని షాపుకి తీసుకెళ్లండి. ఫోనొక్కటే ఉందా? ఫోన్లలో ఈ టిక్కు గడి కనిపించకపోవచ్చు. అప్పుడు పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఆ బొమ్మనే ప్రింటు చేయించండి. టిక్కు పెట్టినా రంగు రాని మొండి పేజీలకీ ఇదే ఉపాయం.

ఇంకో ముఖ్యమైన మాట. ఖర్చు తగ్గుతుందని నలుపు తెలుపు ప్రింటు తీయిస్తే ఎరుపూ ఆకుపచ్చా రెండూ బూడిద రంగులోకి దిగిపోతాయి. ఏది ఏదో పోల్చుకోలేం. అలాంటప్పుడు తెరని చూసుకుంటూ ప్రతి గడిలో 'తినొచ్చు', 'తగ్గించాలి', 'వద్దు' అని పెన్నుతో రాసేయండి. రంగు వెలిసినా మాట నిలుస్తుంది. చూపు ఆనని పెద్దవాళ్లకీ అదే మేలు. అన్నట్టు, ఆ పట్టిక మామగారికి సరిపోతుందో లేదో డాక్టరుగారికి ఓసారి చూపించాకే గోడకెక్కించండి.

అలాగని ప్రతి ప్రింటుకీ టిక్కు పెట్టేయకండి. గుత్తివంకాయ కూర చేసే విధానానికి వెనకాల పూలతీగలెందుకు? ఇంకు దండగ. ఇంకుజెట్ ప్రింటరైతే కాగితం తడిసి వంకర కూడా పోతుంది. రంగు ఏదైనా చెబుతోందా, ఊరికే ముస్తాబా అని ఒక్కసారి చూసుకోండి. మ్యాపులో ఏ రంగు ఏమిటో చెప్పే గడులు, పరీక్షల టైంటేబుల్లో గుర్తు రంగులు, మీ పచ్చడి సీసా లేబులు మీద ఎర్ర పట్టీ... ఇలాంటివైతే టిక్కు పెట్టండి. ఒట్టి ముస్తాబైతే వదిలేయండి. నీళ్ల విలువ తెలిసిన మన ప్రాంతపు ఆడవాళ్లకి పొదుపు గురించి ఒకరు చెప్పాలా!

షాపులో "ప్రింటు కొట్టెయ్యండి" అనే ముందు "తెర మీద నమూనా ఓసారి చూపించు బాబూ" అని అడగండి. మొహమాటపడకండి. కూర దించే ముందు ఉప్పు చూడమూ? ఇదీ అంతే!