బానెట్ కింద ఏముంది?

“సార్ నెంబరివ్వండి మేడమ్, ఏం రిపేరో ఆయనకి చెప్తాం” అంటారు షెడ్డులో. కారు నాది, కట్టే వాయిదాలూ నావే. వివరం మాత్రం ఇంటి మగవాడికి!

దీనికి కొందరు మిత్రులు చెప్పే విరుగుడు, పనంతా మనమే నేర్చేసుకోవడం. వంటా, పేపర్లు దిద్దడమూ అయ్యాక ఆదివారం కారు కిందికి కూడా దూరాలా? నేనొప్పుకోను. 1888లో బెర్తా బెంజ్ మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి కారు నడుపుతూ, ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తనే శుభ్రం చేసుకుంది. బ్రేకులకి తోలు మాత్రం చెప్పులు కుట్టే అతనితో వేయించింది. (చరిత్రలో పేటెంటు భర్తది, అది వేరే కథ.)

ఆయిలు మట్టం చూడ్డం, టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టరు దులపడం పది నిమిషాల పని. అంతవరకూ నేర్చుకుందాం. ఆయిలు మార్చడం వేరు. తీసిన నల్లనూనె చట్టం ప్రకారం ప్రమాదకర వ్యర్థం, పెరటి కాలవలో పొయ్యలేం. అది షెడ్డుకే ఇద్దాం.

కానీ కవితని పొరపొరా విప్పే మనం, బిల్లు చదవకుండా సంతకం పెట్టడమేమిటి? మెకానిక్ శ్రమకి డబ్బివ్వడం న్యాయమే. ఆడది అడగదన్న ధీమాతో చేర్చే “ఇంజన్ ఫ్లష్”కి నేనివ్వను. మార్చామన్న పాత ఫిల్టరు చూపించమంటాను.