బురద కడగకముందే ఫొటో తీయండి
పల్నాడు రైతులకు, గ్రామసభలకు విజ్ఞప్తి

తుపాను వెలిసిన మర్నాడు మన ఊళ్లల్లో ఎవరైనా ముందు చేసేది ఇల్లూ వాకిలీ బాగు చేసుకోవడమే. ఎగిరిపోయిన రేకు వెతికి తెచ్చి బిగిస్తాం, కూలిన గోడ మట్టి ఎత్తిపోస్తాం, చచ్చిన గేదెను పొద్దుగూకేలోపు పూడుస్తాం. తప్పని పనులే. కానీ నష్టం రాసుకునే మనిషి వచ్చేసరికి నాలుగైదు రోజులైతే చూపించడానికి ఏమీ మిగలదు. 2022-26 విపత్తు సహాయ నిబంధనల్లో పాడిగేదెకు 37,500, ఎద్దుకు 32,000, గుడిసెకు 8,000 రూపాయలు ఉన్నాయి. పక్కా ఇల్లు కొంత దెబ్బతింటే 6,500. అయితే ఆ దెబ్బ కనీసం 15 శాతం ఉండాలి. మళ్లీ కట్టేసుకున్న గోడ మీద ఆ పదిహేను శాతాన్ని ఎవరు కొలుస్తారు? అందుకే మనుషుల ప్రాణాలకు ముప్పు తప్పాక, పార పట్టకముందే ఫోను తీయమని అడుగుతున్నాం.

పంట సంగతి ఇంకా చిక్కు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఇక్కడ మిర్చి చేలల్లో నీళ్లు నిలిచాయి. నల్లరేగడిలో నీళ్లున్న రోజు మిర్చి మొక్క పచ్చగానే ఉంటుంది. నీరు లాగి ఎండ కాశాక తల వాలుస్తుంది, వేరు కుళ్లి ఉరకెత్తిపోతుంది. తొలిరోజు చూసి వెళ్లిన అధికారికి నష్టం కనపడదు. పదో రోజు వచ్చినాయనకు నీళ్లు కనపడవు, ఏదో తెగులు అనుకుంటాడు. పత్తి కూడా అంతే, తడిసిన కాయలో గింజ మొలకెత్తిందని తెలియడానికి కొన్నాళ్లు పడుతుంది. పెట్టుబడి రాయితీ రావాలంటే 33 శాతం నష్టం తేలాలి. ఒకే గట్టు మీద నిలబడి నీళ్లున్న రోజు ఒకటి, నాలుగో రోజు ఒకటి, పదో రోజు ఒకటి ఫొటో తీసుకుంటే జరిగింది జరిగినట్టు కనిపిస్తుంది. ఫసల్ బీమా కట్టి, కోసి పనల మీదున్న వరి తడిసిన రైతుకైతే నష్టం తెలియజేయడానికి 72 గంటలే గడువు.

ఫొటోలు ఎవరు నమ్ముతారు, ఎవరి చేనో ఎవరికి తెలుసు అంటారు కొందరు. ఉత్త నీళ్లనే తీస్తే నిజంగానే ఎవరూ నమ్మరు. సరిహద్దు రాయో, నంబరున్న కరెంటు స్తంభమో ఫొటోలో పడాలి. గేదెదైతే చెవి ట్యాగు మీది నంబరు చదవడానికి వీలుగా ఉండాలి. పక్క చేను రైతు కూడా తన ఫోనులో అదే తీస్తే ఇంకా గట్టి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయి కాబట్టి అసలుది ఫోనులోనే దాచాలి. ఇవన్నీ ఉన్నా కౌలు రైతుకు సాగుదారు హక్కు పత్రం లేని లోటు తీరదు. కానీ చేలో నిలబడింది ఎవరో చెప్పడానికి అతని చేతిలో ఇదైనా ఉంటుంది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మర్యాదకు సంబంధించింది. కష్టంలో ఉన్న మనిషి ముందు కెమెరా పెట్టడమేమిటి? ఆ మాట మాదీ. ఏడుస్తున్న ఆడమనిషి ముఖం ఏ రాయితీకీ అక్కర్లేదు. శవం ఫొటో గ్రూపుల్లో తిప్పడం నీచం. బియ్యం మూట అందుకుంటున్న ముసలమ్మను నలుగురు నాయకుల మధ్య నిలబెట్టి తీసే ఫొటో కూడా మానాలి (ఆ ఫొటోలో బాగా కనపడేది ఎప్పుడూ మూట మీది బొమ్మే!). చేను తీయండి, గోడ తీయండి, తెగిన చెరువు కట్ట తీయండి. మనిషిని తీయాలంటే అడిగి తీయండి.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనలో ఎంతమంది పోయారన్నదానికి ఇప్పటికీ అందరూ ఒప్పుకునే ఒక్క లెక్క లేదు. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి, రాసిపెట్టేవాళ్లే మిగల్లేదు. ఇప్పుడు ఇంటికో ఫోనుంది, లేనిది ఏర్పాటు. మాచర్ల, గురజాల, నరసరావుపేట చుట్టుపక్కల ప్రతి పంచాయతీ తుపాన్ల కాలం రాకముందే గ్రామసభలో తీర్మానం చేయాలి. పేటకు ఇద్దరిని, వారిలో ఒక మహిళను, ఈ పనికి ఎంచాలి. వాళ్లు తీసినవి సర్వే నంబర్లవారీగా గ్రామ సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి. నష్టం జాబితా గోడకు అంటించిన రోజున, పేరు రాని రైతు ఆ రసీదుతో అభ్యంతరం రాసివ్వాలి.