ముందు గుర్తులు, తర్వాత ట్యాగులు



వాట్సాప్‌లో ఒక మాటకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే ఆ అక్షరాలు లావుగా కనిపిస్తాయి. మీలో చాలామందికి ఇది తెలుసు. ఇలా ఏది శీర్షిక, ఏది ముఖ్యం, ఏది లింకు అని కంప్యూటర్‌కు చెప్పే గుర్తులనే మార్కప్ అంటారు.

పిల్లల కంప్యూటర్ పుస్తకాల్లో మార్కప్ అనగానే కనిపించేది హెచ్‌టీఎంఎల్. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్ పరిశోధనా సంస్థలో తయారుచేసిన భాష అది. వెబ్ పేజీలన్నీ ఇప్పటికీ దాని మీదే నడుస్తున్నాయి. అది నేర్చుకోవాల్సిందే. కానీ మొదటి మెట్టు అదే కానక్కర్లేదని నా అభిప్రాయం.

శీర్షిక పెట్టాలంటే హెచ్‌టీఎంఎల్‌లో ఒక ట్యాగు తెరిచి, చివర దాన్ని మూయాలి. 2004లో జాన్ గ్రూబర్ విడుదల చేసిన మార్క్‌డౌన్‌లో లైను మొదట ## పెడితే చాలు. తెలుగు వికీపీడియా వాడే వికీటెక్స్ట్‌లో == మా ఊరు == అని రాస్తే శీర్షిక అవుతుంది, [[కంభం]] అని రాస్తే కంభం పేజీకి లింకు పడుతుంది.

తెలుగులో రాసే పిల్లలకు ఈ తేడా చిన్నది కాదు. ట్యాగులు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటాయి కాబట్టి ప్రతిసారీ కీబోర్డు మార్చుకోవాలి. రాసే విషయం మీద ధ్యాస తప్పుతుంది. ఈ గుర్తులు మాత్రం ఫోన్‌లో తెలుగు కీబోర్డులోనే దొరుకుతాయి.

అయితే పట్టికల దగ్గర హెచ్‌టీఎంఎల్‌దే పైచేయి. గ్రూబర్ మార్క్‌డౌన్‌లో పట్టికలకు గుర్తులే లేవు. వికీటెక్స్ట్‌లో పట్టిక గీయడం పెద్దవాళ్లకే తలనొప్పి. అందుకే 6, 7 తరగతుల్లో గుర్తులు, 8 నుంచి ట్యాగులు నేర్పితే బాగుంటుంది. ఈ గుర్తులు చివరికి హెచ్‌టీఎంఎల్‌గానే మారతాయి కనుక ముందు నేర్చుకున్నది వృథా పోదు.

"బటన్లు ఉండగా ఇవన్నీ ఎందుకు?" అని అడగవచ్చు. బటన్ నొక్కి అక్షరాలు పెద్దవి చేస్తే కంటికి శీర్షికలా కనిపిస్తుంది, అంతే. అది శీర్షిక అని కంప్యూటర్‌కు తెలియదు. గుర్తు పెట్టాలంటే ఏది అసలు విషయం, ఏది వివరం అని పిల్లలు ముందు తేల్చుకోవాలి. నేను చెప్పే ఇంగ్లిష్‌లో నోట్-మేకింగ్‌కు కావాల్సిందీ ఆ నేర్పే.

ఒక విన్నపం. ప్రాజెక్టు అనగానే నెట్ సెంటర్‌లో డబ్బు కట్టి రంగుల పేజీలు ప్రింట్ తీయించకండి. అర్ధవీడు గురించి నాలుగు శీర్షికలతో ఒక పేజీ మీ అమ్మాయినో అబ్బాయినో సొంతంగా రాయనివ్వండి. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులోని ప్రయోగశాల పేజీలో ఎవరైనా రాసి సాధన చేయవచ్చు. మీరు పక్కన కూర్చోండి. సొంత పేర్లు, ఫోన్ నంబర్లు పెట్టకుండా చూడండి. ప్రతి విషయానికీ "ఇది నీకెలా తెలుసు?" అని అడగండి.

మన ఊరి పేజీలో ఏం ఉండాలో మన పిల్లల కంటే బాగా ఎవరికి తెలుస్తుంది?