కంచే చేను మేస్తే...

మన దేశంలో చట్టాలకు కరువు లేదు. కరువల్లా వాటిని వాడుకునే ధైర్యానికే. నవంబరు 14 వచ్చిందంటే బడిపిల్లలకు మిఠాయిలు పంచుతాం, ఉపన్యాసాలిస్తాం. 2012లో సరిగ్గా అదే రోజున, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 'పోక్సో' చట్టం అమలులోకి వచ్చింది. ఆ సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

ఈ మాట ఎత్తగానే "ఛ, అలాంటివి మన దగ్గర జరగవు" అనే పెద్దలున్నారు. నేను సైన్సు చదువుతున్నవాణ్ణి. లెక్క చూడందే నమ్మను. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను విచారించి 2007లో నివేదిక ప్రకటించింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురయ్యామన్నవారు నూటికి 53 మంది! వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్ళలో సగంమంది ఆ పిల్లలు ఎరిగినవాళ్ళు, నమ్మినవాళ్ళు. ఎక్కువమంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు.

మాది సేద్యం చేసుకునే కుటుంబం. పందులు పడకుండా చేనుకు కంచె వేస్తాం. ఆ కంచే చేను మేస్తే ఎవరితో మొరపెట్టుకోవాలి? చట్టం రాసినవాళ్ళకు ఈ బాధ తెలుసు. అందుకే నేరం చేసినవాడు బంధువైనా, పంతులైనా, పోలీసైనా శిక్ష మరింత కఠినంగా పెట్టారు. బిడ్డ వాంగ్మూలాన్ని యూనిఫారం లేకుండా ఇంటికొచ్చి తీసుకోవాలన్నారు. కోర్టులో నిందితుడి కంట బిడ్డ పడకూడదన్నారు. సాధ్యమైనంత వరకు ఏడాదిలో విచారణ ముగియాలన్నారు. 2019లో సవరణ చేసి, అతి తీవ్రమైన నేరాలకు కనీసం 20 ఏళ్ళ జైలు మొదలు మరణశిక్ష దాకా పెంచారు.

మరి ఇంకేం కావాలి? ఉరితాడు ఎంత గట్టిదైనా, జరిగింది చెప్పే నోరు లేకపోతే అది ఎవరి మెడకూ చేరదు. ఆ నోరు నొక్కేది 'పరువు'. పల్లెల్లో ఇలాంటివి బయటికి పొక్కితే పోలీసు స్టేషనుకు పోవు, పెద్దమనుషుల దగ్గరికి పోతాయి. "ఆడపిల్ల బతుకు, అల్లరి చేసుకోకండి" అంటారు. ఇంత డబ్బు ఇప్పిస్తారు. పరువు ఎవరిది? పోయింది ఎవరికి? తప్పు చేసినవాడు తలెత్తుకు తిరుగుతుంటే బిడ్డ బడి మానేస్తుంది. ఇలాంటి రాజీ చట్టం ముందు చెల్లదు. ఒక ఉపాధ్యాయుడి మీద కేసును హైకోర్టు రాజీ కారణంగా కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసింది.

అసలు విషయం ఇక్కడుంది. నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడం కూడా ఈ చట్టం దృష్టిలో నేరమే. దానికి ఆరు నెలల దాకా జైలు. సంస్థకు అధిపతి అయివుండి తన కింది ఉద్యోగి నేరాన్ని దాచిపెడితే ఏడాది దాకా. మంచి మనసుతో చెప్పినవాడి మీద మాత్రం ఏ కేసూ ఉండదు. అంటే "మనకెందుకులే" అనే హక్కు మనకు లేదన్నమాట!

మిత్రులారా, ఇది ఎక్కడో ఉన్న పెద్దలకు చెబుతున్న మాట కాదు. మన సెల్‌ఫోన్ల మాటేమిటి? పిల్లల అశ్లీల దృశ్యాలను పంచడమే కాదు, తీసేయకుండా, పోలీసులకు చెప్పకుండా దాచుకోవడం కూడా నేరం కాగలదని 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. హాస్టల్ గదిలో ఎవడో అలాంటిది చూపిస్తే నవ్వి ఊరుకునేవాడు కూడా ఆ కంచెలో ఒక ముల్లే.

రేపు మనలో చాలామంది బి.ఎడ్. చేసి పంతుళ్ళమవుతాం. ఒక పిల్లవాడు వణుకుతూ మన దగ్గరికొస్తే ముందు నమ్మాలి, తర్వాత కబురు చెయ్యాలి. పిల్లల కోసం దేశమంతటా పనిచేసే ఉచిత ఫోను నెంబరు 1098. మన యూనియన్ ఏటా ఎన్నో బ్యానర్లు కడుతుంది. ఈసారి ఆ నాలుగు అంకెలు కూడా మన గేటు మీద, చుట్టుపక్కల బడుల గోడల మీద రాయించాలని కోరుతున్నాను.