అడగడమా? చూడడమా?

శిశుపోషణను పరిశోధించేవారికి రెండు మార్గాలున్నాయి. తల్లిదండ్రులను అడిగి తెలుసుకోవడం ఒకటి. ఇంటి నడవడిని స్వయంగా గమనించడం మరొకటి. వీటిలో ఏది ప్రామాణికం?

అడగడంవల్ల తక్కువ కాలంలో ఎక్కువ కుటుంబాల సంగతి తెలుస్తుంది. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ‘యంగ్ లైవ్స్’ అధ్యయనం సుమారు 3,000 మంది పిల్లల ఎదుగుదలను ప్రధానంగా ప్రశ్నావళుల ద్వారానే ఏళ్ల తరబడి అనుసరించింది. అన్ని ఇళ్లలో కూర్చుని చూడడం ఎవరికి సాధ్యం? పైగా తల్లి మనసులోని ఆశలు, భయాలు కంటికి కనిపించవు.

అయితే మాట వేరు, నడత వేరు. మొయినాబాద్ ప్రాంతంలోని ఎంకపల్లి వంటి పల్లెలో “బిడ్డను ఎవరు చూసుకుంటారు?” అని అడిగితే, “నేనే” అని తల్లి అనవచ్చు. అది అబద్ధం కాదు, బాధ్యత ఆమెదే. కాని ఆమె కూలికి వెళ్లిన వేళ తమ్ముణ్ణి చంకనెత్తుకొని తిరిగేది పదేళ్ల అక్క కావచ్చు. ఆ బాలిక బడి మానిన సంగతి ఆ ఒక్క జవాబులో ఇమడదు.

చూపుకూ హద్దులున్నాయి. పరాయివారు గడపలో కూర్చుంటే కోపిష్ఠి తండ్రి సైతం శాంతమూర్తి అవుతాడు. అందుకు తొందరపడక ఊరితో కలిసిపోవడమే మార్గం. శామీర్‌పేట గ్రామంపై 1955లో ‘ఇండియన్ విలేజ్’ గ్రంథాన్ని వెలువరించిన ఎస్.సి. దూబే చూపునూ ప్రశ్ననూ జోడించారు.

కనుక ముందు చూడాలి, తరువాత అడగాలి. చూసినదానికీ విన్నదానికీ పొంతన కుదరని చోటనే అసలు ప్రశ్న పుడుతుంది. అంగన్‌వాడీ వేళలు తల్లుల కూలివేళలకు సరిపోతున్నాయా అన్న ఆలోచన అక్కడే కలుగుతుంది. ఆ అక్కను తిరిగి బడికి చేర్చగలిగేది అటువంటి పరిశోధనే.